యంత్రం ఆగిన మరునాడు మొదటి ఖర్చు ఎవరి మీద?

మూతపడిన ఒక కర్మాగారాన్ని పర్యాటక కేంద్రంగా మార్చడానికి తయారుచేసిన ప్రణాళిక పత్రం ఒకటి ఇటీవల నా చేతికి వచ్చింది. ఆసాంతం చదివాను. పొగగొట్టానికి రాత్రిపూట రంగు దీపాలు ఎక్కడెక్కడ అమర్చాలో, వాహనాలు ఎక్కడ నిలపాలో, క్యాంటీన్ ఏ షెడ్డులో పెట్టాలో, ఫొటోలు దిగడానికి ఏ మూల అనువుగా ఉంటుందో అన్నీ పటాలతో సహా అందులో ఉన్నాయి. ఆ షెడ్డులో ఒకప్పుడు ఏ యంత్రం నడిచేదో, అది ఇప్పుడు ఎక్కడుందో, దాన్ని నడిపినవాళ్లలో ఎంతమంది ఇంకా బతికున్నారో చెప్పే వాక్యం మాత్రం ఒక్కటి కూడా కనిపించలేదు.

మూతపడిన గనులు, మిల్లులు, కొలుములు పర్యాటకానికి మంచి అవకాశమన్న మాటతో నాకు పేచీ లేదు. ఇవాళ మనం బతుకుతున్న తీరు రూపుదిద్దుకున్నది రాజుల కోటల్లో కన్నా ఎక్కువగా ఆ షెడ్లలోనే కాబట్టి, కోటకు ఇచ్చే గౌరవం వాటికీ దక్కాలని కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను. నా అభ్యంతరమల్లా పనులు జరుగుతున్న వరుస గురించే. ముందు భవనం, ఆ తర్వాత హంగులు, ఆ తర్వాత సందర్శకులు, చివర్లో ఏమైనా మిగిలితే పాత కార్మికుల జ్ఞాపకాలు అన్నది ఇప్పుడు నడుస్తున్న వరుస. దీన్ని తిరగేయాలి. మొదటి ఖర్చు ఆ యంత్రాలను నడిపిన మనుషుల మీద పెట్టాలి. పాడుబడిన గోడకు ఇరవై ఏళ్ల తర్వాతైనా మరమ్మతు చేయించవచ్చు గానీ, ఆ గోడల మధ్య పని ఎలా జరిగేదో చెప్పగల మనిషి అప్పటిదాకా ఉంటాడన్న పూచీ లేదు.

రూర్ కథలో చెప్పకుండా వదిలేసే భాగం

ఈ చర్చ ఎక్కడ మొదలైనా ముందుగా బొగ్గు, ఉక్కుకు పేరుపడ్డ జర్మనీలోని రూర్ ప్రాంతం పేరే వినిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు. ఎస్సెన్ నగరంలోని త్సోల్‌ఫెరైన్ బొగ్గుగని 12వ షాఫ్టు (గనిలోకి దిగే నిలువు దారి) 1932లో మొదలై, రోజుకు 12,000 టన్నుల బొగ్గును పైకి తెచ్చిన భారీ నిర్మాణం. 1986 డిసెంబరు 23న అది మూతపడింది. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. బొగ్గును కడిగి వేరుచేసిన భవనంలోనే ఇప్పుడు రూర్ మ్యూజియం నడుస్తోంది. పక్కనున్న డూయిస్‌బుర్గ్‌లో 1985లో ఆగిపోయిన ఇనుప కర్మాగారాన్ని ఉద్యానవనాల రూపశిల్పి పేటర్ లాట్స్ కూల్చకుండా, ఉన్నది ఉన్నట్టు ఉంచి పార్కుగా మలిచారు. గ్యాస్ నిల్వచేసిన ట్యాంకులో నీళ్లు నింపితే డైవింగ్ నేర్చుకునేవాళ్లు అందులో దూకుతున్నారు, ముడి ఖనిజం పోసుకున్న కాంక్రీటు గోడలను పర్వతారోహకులు ఎక్కుతున్నారు. ఎవరూ అడుగుపెట్టడానికి ఇష్టపడని నేలకు జనం సెలవు రోజున కోరి వస్తున్నారంటే అది చిన్న విషయం కాదు.

కానీ ఈ ఉదాహరణను చూపించి మరోచోట ఆశలు రేపేవాళ్లు రెండు సంగతులు చెప్పరు. మొదటిది, వేలమంది మూడు షిఫ్టుల్లో పనిచేసిన గని ఇచ్చినన్ని ఉద్యోగాలను మ్యూజియం ఏనాటికీ ఇవ్వలేదు. గనిలో దిగి కుటుంబాన్ని పోషించిన మనిషికి టిక్కెట్ల కౌంటరులో కొలువు చూపించి, పోయినదానికి బదులు ఇదిగో అంటే అతను నమ్మడు, నమ్మనక్కర్లేదు కూడా. రెండోది, ఆ ప్రాంతం గనుల ఖర్చును ఇప్పటికీ భరిస్తోంది. కింద బొగ్గు తవ్వేయడంతో పై నేల కుంగిపోయింది. కొన్నిచోట్ల ఆ కుంగుబాటు 20 మీటర్లు దాటింది. పంపులు ఆగితే ఊళ్లలో నీళ్లు నిలిచిపోతాయి కాబట్టి, ఆ నీటిని తోడుతూనే ఉండాలి. దానికి అంతమన్నది లేదని తెలిసే అందుకోసం ప్రత్యేకంగా ఒక నిధిని ఏర్పాటు చేశారు. పర్యాటకం ఈ లెక్కను తీర్చదు. ఉద్యోగాలు పోయిన ఊరికి పర్యాటకాన్ని పరిహారంగా ప్రకటించడం అన్యాయమని, అలా ప్రకటించినచోట పదేళ్లు తిరిగేసరికి జనం ఆ మ్యూజియాన్నే ద్వేషించడం మొదలుపెడతారని నా అభిప్రాయం.

మరి పరిహారం కానప్పుడు ఈ పర్యాటకం దేనికి? నాకు తోచిన జవాబు ఒక్కటే. మనం రోజూ వాడే వస్తువుల వెనక ఏ శ్రమ ఉందో, ఏ నేర్పు ఉందో, ఎంత ప్రమాదం ఉందో కళ్లకు కట్టే చోటు మరొకటి లేదు. సందర్శకుడు డబ్బు పెట్టి కొనుక్కునే అనుభవం అదే. దాన్ని అందించగలిగిన చోట్లే నిలబడ్డాయి.

చెక్క ముక్క

వేల్స్‌లోని బిగ్ పిట్ గని 1980లో మూతపడి, 1983లో సందర్శకులకు తెరుచుకుంది. అక్కడ 90 మీటర్ల లోతుకు దిగాలంటే ముందు సెల్‌ఫోన్, బ్యాటరీ గడియారం, అగ్గిపెట్టె, లైటరు పైనే అప్పగించాలి. గనిలో పేలుడు వాయువు ఉండవచ్చన్న జాగ్రత్త అక్కడ ఇప్పటికీ అమలులో ఉంది, అది ప్రదర్శన కోసం పెట్టిన నియమం కాదు. తలకు హెల్మెట్, దీపం, నడుముకు బెల్టు, దానికి బ్యాటరీ, ప్రమాదంలో ఊపిరి నిలిపే పరికరం తగిలిస్తారు. ఆ బరువు మోస్తూ కేజ్‌లో, అంటే గని లిఫ్టులో, దిగాక దారి చూపే బాధ్యతను మొదటినుంచీ పాత గని కార్మికులే తీసుకున్నారు. ఒకచోట అందరినీ దీపాలు ఆర్పమంటారు. చిన్నపిల్లలను గనిలో దించకూడదన్న 1842 చట్టం వచ్చేదాకా పసిపిల్లలు గని గాలిని అదుపుచేసే తలుపుల దగ్గర తాడు పట్టుకుని కూర్చున్నది ఆ చీకట్లోనే అని చెబుతారు. ఆ మాటను బోర్డు మీద చదవడానికీ, ఆ చీకట్లో నిలబడి, గనిలో పనిచేసిన మనిషి గొంతులో వినడానికీ ఉన్న తేడాయే ఈ పర్యాటకానికి ప్రాణమని నేను నమ్ముతున్నాను.

బట్టల మిల్లుల సంగతి కూడా అంతే. అమెరికాలోని లోవెల్‌లో, బూట్ మిల్లు మ్యూజియంలో పాత మరమగ్గాలను నడిపి చూపిస్తారు. లోపలికి వెళ్లేముందు చెవుల్లో పెట్టుకోవడానికి ప్లగ్గులు ఇస్తారు. నడిచేది మిల్లులో ఒకప్పుడు ఉన్న మగ్గాల్లో కొద్దిపాటివే అయినా మాట వినపడదు, కాళ్ల కింద నేల అదురుతుంది. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుల్లో ఈ రొద మధ్యే బతికిన నేతగత్తెలు పెదవుల కదలికను బట్టి మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె కన్నంలోంచి పోగును నోటితో పీల్చి తీయడం వాళ్లకు రోజువారీ పని. ఒకరి నోటి నాడె మరొకరి నోటికి మారుతూ జబ్బులను కూడా మోసుకెళ్లింది. ఇలాంటి సంగతులు భవనం కొలతల్లో దొరకవు, యంత్రం తయారీ సంస్థ రాసిన పుస్తకంలోనూ ఉండవు.

ఈ నమ్మకం నాకు కలగడానికి నేను కళ్లారా చూసిన ఒక చిన్న ఘటన కారణం. మూతపడి చాలాకాలమైన ఒక మిల్లులో అద్దాల వెనక ఒక మగ్గాన్ని నిలబెట్టారు. తయారైన సంవత్సరం, బరువు, ఎక్కడినుంచి దిగుమతి అయిందీ బోర్డు మీద చక్కగా రాశారు. మార్గదర్శి దాన్నే అప్పజెప్పి ముందుకు కదిలారు. మా గుంపులో ఒక పెద్దాయన ఆగిపోయారు. ఆ మిల్లులో మగ్గాలకు మరమ్మతులు చేస్తూ రిటైరైన మనిషి ఆయన. “దీని ఎడమ కాలు కింద చెక్క ముక్క ఉంటుంది చూడండి” అన్నారు. వంగి చూస్తే నిజంగానే ఉంది, నూనె మరకలతో నల్లబడి, ఇనుములో కలిసిపోయినట్టుగా ఉంది. ఆ షెడ్డు నేల ఒకవైపు వాలుగా ఉండేదట. ఆ ముక్క పెట్టకపోతే మగ్గం ఊగి పోగులు తెగిపోయేవట. ఏ మగ్గం కింద ఎంత మందం ముక్క పెట్టాలో ఆయనకు కంఠతా వచ్చు. దాన్ని ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. మిల్లు మూసేటప్పుడు గానీ, మ్యూజియం తెరిచేటప్పుడు గానీ ఆయనను పిలిచి అడిగినవాళ్లు లేరు. మిగతా సందర్శకులంతా బోర్డును వదిలేసి ఆయన చుట్టూ మూగారు, తర్వాతి గది చూడడానికి ఎవరూ తొందరపడలేదు.

ఆ చెక్క ముక్కకు వారసత్వ విలువ ఉందా అని ఎవరైనా అడిగితే, నా లెక్కలో ఆ గది మొత్తానికీ ఎక్కువ విలువైనది అదే. అయితే ఆ విలువ పెద్దాయన పక్కనున్నంతసేపే ఉంది. ఆయన చెప్పింది రికార్డు కాకపోతే, రేపు నేల చదును చేయించేటప్పుడు ఆ ముక్కను తీసి చెత్తలో వేసేస్తారు.

వాళ్లే వద్దంటే?

ఈ వాదనకు ఎదురయ్యే గట్టి ప్రశ్న పాత కార్మికుల దగ్గరినుంచే వస్తుంది. ఇరవై, ముప్పై ఏళ్లు దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాళ్లలో కొందరు ఆ షెడ్డును కూల్చేస్తేనే మనశ్శాంతి అంటారు. మా బాధను టిక్కెట్టు పెట్టి చూపిస్తారా అని నిలదీస్తారు. మరికొందరు ఆ యజమాని పేరు బోర్డు మీద గొప్పగా రాసి ఉంటే ఆ గేటు తొక్కమంటారు. ఈ కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. వారసత్వం అన్నాక దాన్ని వద్దనుకునే హక్కు కూడా దాన్ని మోసినవాళ్లకు ఉండాలా అన్న ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు.

అయినా బెల్జియంలోని బ్వా దు కాజియే గనిని తలచుకున్నప్పుడు నా మొగ్గు ఎటో నాకు స్పష్టమవుతుంది. 1956 ఆగస్టు 8న అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో 262 మంది చనిపోయారు. వాళ్లలో 136 మంది బతుకుదెరువు కోసం ఇటలీనుంచి వచ్చినవాళ్లు. ఆ గని ఇప్పుడు మ్యూజియం. 2012లో వలోనియా ప్రాంతపు ఇతర గనులతో కలిసి యునెస్కో జాబితాలో చేరింది. అక్కడ మృతుల పేర్లను, ముఖాలను కేంద్రంలో ఉంచారు, యంత్రాలు ఆ తర్వాతే వస్తాయి. అక్కడికి వెళ్లేవాళ్లను పర్యాటకులనే అంటాం గానీ, వాళ్లలో చాలామంది తలవంచి బయటికి వస్తారు. బాధను దాచకుండా, అలాగని తమాషాగా మార్చకుండా చూపించడం సాధ్యమేనని ఆ ఒక్క చోటు చాలు రుజువు చేయడానికి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ జపాన్‌లోని హషిమా దీవి. 1974లో బొగ్గు తవ్వకం ఆగాక నిర్మానుష్యమైన ఆ కాంక్రీటు దీవికి 2009నుంచి సందర్శకులను అనుమతిస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొరియన్లను, ఇతరులను వాళ్ల ఇష్టానికి విరుద్ధంగా తెచ్చి కఠిన పరిస్థితుల్లో పనిచేయించారని ఒప్పుకుని, ఆ చరిత్రను అర్థమయ్యేలా చెబుతామని జపాన్ హామీ ఇచ్చాకే 2015లో ఆ దీవికి, దానితో పాటు జపాన్ ఆధునికమవుతున్న మెయిజీ కాలపు మరికొన్ని పారిశ్రామిక స్థలాలకు యునెస్కో గుర్తింపు దక్కింది. తర్వాత సమాచార కేంద్రాన్ని దీవికి దూరంగా టోక్యోలో తెరిచారు. హామీ నెరవేరలేదంటూ 2021లో వారసత్వ కమిటీ తీవ్ర విచారం వ్యక్తం చేసింది. దీవి చూడడానికి అద్భుతంగా ఉంటుందనడంలో సందేహం లేదు. అయితే ఆ అందాన్ని కట్టిన చేతుల కథను పక్కకు నెట్టి అమ్మే పర్యాటకం నాకు అంగీకారం కాదు.

బొలీవియాలోని వెండి గనుల నగరం పొతొసి దగ్గరికి వచ్చేసరికి నా సందేహం ఇంకా పెరుగుతుంది. సెర్రో రీకో కొండ లోపల గని కార్మికులు ఈనాటికీ ప్రాణాలొడ్డి తవ్వుతూనే ఉన్నారు. పర్యాటకులు వాళ్లకు కోకా ఆకులు, డైనమైటు కానుకగా తీసుకుని లోపలికి వెళ్లి, పని చూసి వస్తారు. ఆ రాబడి కొంతైనా కార్మికులకు చేరుతుందని సమర్థించేవాళ్లు ఉన్నారు. ఇంకా ఊపిరాడని పనిలోనే ఉన్న మనిషిని వారసత్వంగా చూడడం నాకు మింగుడు పడదు. చూపించాలా వద్దా అన్నది నిర్ణయించగల స్థితిలో ఆ మనిషి ఉన్నప్పుడే చూడడానికి మనకు అర్హత వస్తుంది.

గోడలు మిగిలి, పని పోయినచోట

లండన్‌లో 1981లో ఆగిపోయిన బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రం 2000లో టేట్ మోడర్న్ కళా మ్యూజియంగా తెరుచుకుంది. టర్బైన్లు తీసేసిన హాలులో ఇప్పుడు కళాఖండాలు ఉంటాయి. బ్యాటర్‌సీ విద్యుత్ కేంద్రం 2022లో దుకాణాల సముదాయంగా మారింది. దాని నాలుగు పొగగొట్టాలనూ కూల్చి అదే రూపంలో మళ్లీ కట్టారు, ఒకదానిలో లిఫ్టు పెట్టి జనాన్ని పైకి తీసుకెళ్తున్నారు. ఇలా మార్చకపోతే ఆ భవనాలు నేలమట్టమయ్యేవని అంటారు. నిజమే, ఆ మేరకు నేను ఒప్పుకుంటాను. కానీ కరెంటు ఎలా పుట్టిందో తెలియకుండానే బయటికి వచ్చేసే చోటును పారిశ్రామిక వారసత్వ పర్యాటకం కింద లెక్కవేసి, చూడండి ఎంత విజయవంతమైందో అనడం మాత్రం లెక్క తప్పడమే.

డబ్బు ప్రశ్న

పాత కార్మికులు, నడిచే యంత్రాలు అంటారు సరే, అది ఎంత ఖరీదైన వ్యవహారమో తెలుసా అని ఆర్థిక శాఖల్లో కూర్చున్నవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఆవిరితో నడిచే మగ్గాల మిల్లుగా ప్రసిద్ధికెక్కిన ఇంగ్లండు పట్టణం బర్న్‌లీలోని క్వీన్ స్ట్రీట్ మిల్లు మ్యూజియాన్ని స్థానిక కౌన్సిల్ బడ్జెట్ కోతలో భాగంగా 2016లో మూసేసింది. తర్వాత మళ్లీ తెరిచినా పరిమితంగానే నడుపుతున్నారు. బాయిలరు మండాలంటే ఇంధనం కావాలి, దాన్ని కనిపెట్టుకుని ఉండే నేర్పరి కావాలి, తనిఖీలు, బీమా కావాలి. ఈ ఖర్చు టిక్కెట్ల మీద వచ్చే డబ్బుతో తీరిపోతుందని నేను చెప్పబోను. పాఠశాలకు, గ్రంథాలయానికి పెట్టినట్టే దీనికీ ప్రజల డబ్బు పెట్టాలి, లేదా లాభాలు తీసుకున్న సంస్థ పెట్టాలి.

సంస్థ ఎందుకు పెడుతుంది అనేవాళ్లకు జపాన్‌లోని తోమియోకా పట్టు మిల్లు సమాధానం. 1872లో ప్రభుత్వం స్థాపించిన ఆ మిల్లు చేతులు మారి కతకురా సంస్థ ఆధీనంలో ఉండగా 1987లో ఉత్పత్తి ఆగింది. అమ్మం, అద్దెకివ్వం, కూల్చం అన్న నియమం పెట్టుకుని, పన్నులూ మరమ్మతుల ఖర్చూ తానే భరిస్తూ, 2005లో నగరానికి అప్పగించేదాకా ఆ సంస్థ దాన్ని కాపాడింది. పట్టు తీసే యంత్రాలు వరుసల్లో ఎక్కడివక్కడే మిగిలాయి. 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ ఏడాది సందర్శకులు పోటెత్తారు, తర్వాత సంఖ్య బాగా తగ్గింది. గుర్తింపు రాగానే వచ్చే రద్దీని చూసి హోటళ్లు, దుకాణాలు లెక్కలు వేసుకుంటే దెబ్బతింటామని ఆ అనుభవం చెబుతోంది.

జనం బాగా వచ్చే చోటికీ చిక్కులు తప్పవు. పోలండులోని వియెలిచ్‌కా ఉప్పుగని యునెస్కో 1978లో ప్రకటించిన తొలి జాబితాలోనే ఉంది. గాలిలోని తేమకు ఉప్పు శిల్పాలు కరిగిపోతుంటే 1989లో దాన్ని ప్రమాదంలో ఉన్న స్థలాల్లో చేర్చాల్సి వచ్చింది. తేమను అదుపు చేసే ఏర్పాట్లు చేశాక 1998లో ఆ ముద్ర తొలగింది. 1996లో వాణిజ్య తవ్వకం ఆగినా గని కార్మికులకు అక్కడ పని ఆగలేదు. గదులు కూలకుండా ఆనుదన్నులు నిలపడం, చేరే నీటిని తోడడం, గాలి ఆడేలా చూడడం ఇప్పటికీ వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. ఒకప్పుడు ఉప్పు తీయడానికి పనికొచ్చిన నేర్పే ఇప్పుడు గనిని నిలబెడుతోంది, దానికి జీతం అందుతోంది. పర్యాటకం వల్ల ఉద్యోగాలు అని ఎవరైనా అన్నప్పుడు నేను ముందుగా వెతికేది ఇలాంటి ఉద్యోగాలనే.

చిలీ ఎడారిలోని హంబర్‌స్టోన్ నైట్రేటు పట్టణం ఇంకో తోవ చూపిస్తుంది. 1960లో పని ఆగాక అక్కడి రేకులు, చెక్క తుక్కు కింద తరలిపోతూ వచ్చాయి. 2005లో గుర్తింపుతో పాటే ప్రమాద జాబితాలోనూ చేరిన ఆ చోటు 2019లో దాన్నుంచి బయటపడింది. అక్కడ పుట్టి పెరిగిన కుటుంబాలు ఏటా నవంబరులో తిరిగొచ్చి వారం పాటు ఉత్సవం జరుపుకుంటాయి. ఖాళీ ఇళ్లకు ఆ వారం అర్థం తెచ్చేది వాళ్లే, బయటినుంచి వచ్చే పర్యాటకుడికి కూడా చూడాలనిపించేది దాన్నే.

గడువు

త్సోల్‌ఫెరైన్ మూతపడిన రోజున ఇరవై ఏళ్లున్న కుర్రవాడు ఇప్పుడు అరవైకి చేరాడు. అప్పటికే నలభై దాటిన ఫోర్‌మన్లలో ఎంతమంది మిగిలి ఉంటారో ఊహించవచ్చు. అందుకే మూసివేత ఒప్పందంలోనే కొన్ని షరతులు ఉండాలంటాను. తుక్కు వేలం జరిగేముందు ప్రతి విభాగంనుంచీ ఒక్కో యంత్రాన్నైనా దాని పనిముట్లతో, మరమ్మతు పుస్తకాలతో సహా పక్కన పెట్టాలి. ఆ యంత్రం నడుస్తుండగానే, నడిపేవాళ్ల చేతులను, మాటలను, వాళ్లు వినే శబ్దాలను రికార్డు చేయాలి. ఆ పనికి వాళ్లకు పూర్తి జీతం ఇవ్వాలి, జ్ఞాపకాలను ఉచితంగా అడగకూడదు. చూపించకూడదని వాళ్లు అన్నదాన్ని చూపించకూడదు. యువకులను కొందరిని వాళ్ల దగ్గర శిష్యులుగా పెట్టాలి. దీపాలు, క్యాంటీన్, పార్కింగ్ ఎన్నేళ్ల తర్వాతైనా రావచ్చు.

2024 సెప్టెంబరు 30న బ్రిటన్‌లో ఒకే రోజున పోర్ట్ టాల్బాట్ ఉక్కు కర్మాగారంలోని చివరి బ్లాస్ట్ ఫర్నేసు (ఇనుప ఖనిజాన్ని కరిగించే కొలిమి), రాట్‌క్లిఫ్‌లోని బొగ్గు విద్యుత్ కేంద్రం ఆగిపోయాయి. బొగ్గుతో కరెంటు తీసి జనానికి అందించడం 1882లో లండన్‌లో మొదలుపెట్టిన దేశంలో ఆ అధ్యాయం ఆ రోజుతో ముగిసింది. రానున్న ఏళ్లలో బొగ్గును వదులుకునే ప్రతి దేశంలోనూ ఇలాంటి కేంద్రాలు ఆగుతాయి. వాటిలో పనిచేసినవాళ్లు చాలామంది ఇంకా నడివయసులోనే ఉన్నారు, టర్బైను శబ్దంలో తేడాను చెవితో పట్టగలిగే ఆపరేటర్లు ఇంకా ఫోన్ చేస్తే పలుకుతారు. ఆ కేంద్రాలకు పర్యాటక ప్రణాళికలు రాయబోయేవాళ్లు మొదటి పేజీలో పటానికి బదులు ఆ ఆపరేటర్ల పేర్ల జాబితా పెట్టి, ఒక్కొక్కరినీ కలిసిన తేదీ దాని పక్కన రాయాలని నా విన్నపం.